ఏటిగట్టు కింద మా గుడి: ఏడాది పొడుగునా అందరూ అడిగే ప్రశ్నలు

తొమ్మిదేళ్ళుగా ఈ పాస్టరేట్‌కి సెక్రటరీగా ఉన్నాను. పాస్టరేట్ అంటే ఒక పాస్టరు గారి కింద ఉండే ఐదారు ఊళ్ళ గుడులు. ఆయన్నే మేం అయ్యగారు అంటాం. ఆదివారం ఆరాధన అయ్యాక చెప్పులు వెతుక్కునే చోట నన్ను ఆపి అడిగే ప్రశ్నలు ప్రతి ఏడూ అవే. అడిగేవాళ్ళే మారతారు. ఒకే జవాబు నలుగురికి నాలుగు రకాలుగా చెప్పి నేనే గొడవ తెచ్చుకున్న సందర్భాలూ ఉన్నాయి. అందుకే రాసి పెడుతున్నాను. మాది వశిష్ఠ గోదావరి గట్టు కింద ఉన్న ఊరు. ఇక్కడి లెక్కలు మా పాస్టరేట్‌వి, మీ ఊళ్ళో కొంచెం తేడా ఉండొచ్చు.

## మొదటిసారి వచ్చేవాళ్ళు

మీది ఆంగ్లికన్ చర్చి అంటారు, బోర్డు మీద సీఎస్ఐ అని ఉంది. ఏది నిజం?

రెండూ నిజమే. ఆంగ్లికన్ (ఇంగ్లండు చర్చి) మిషన్ వాళ్ళు 1841లో మచిలీపట్నంలో దిగారు. తర్వాత ఏలూరు వైపు వచ్చారు. 1912లో దోర్నకల్ డయోసిస్ (ఒక బిషప్ కింద ఉండే సంఘాల ప్రాంతం) ఏర్పడినప్పుడు దానికి బిషప్ అయిన వి.ఎస్. అజరయ్య గారు ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్. 1947 సెప్టెంబర్ 27న మద్రాసులో ఆంగ్లికన్, మెథడిస్టు, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంఘాలు కలిసి దక్షిణ ఇండియా సంఘం అయ్యాయి. సీఎస్ఐ అంటే అదే. ఇప్పుడు మనది కృష్ణా గోదావరి డయోసిస్. ప్రపంచ ఆంగ్లికన్ కుటుంబంలో సభ్యత్వమూ ఉంది.

"మరి పక్క వీధిలో ఇంకో చర్చి ఎందుకుంది" అని కూడా అడుగుతారు. డెల్టాలో అదంతే. నరసాపురం, పాలకొల్లు వైపు 1830ల నుంచి బ్రదరెన్ అనే ఇంకో సంఘం వాళ్ళు పనిచేశారు. రాజమండ్రి, భీమవరం వైపు లూథరన్లు. ఏ మిషన్ ముందు ఏ రేవులో దిగితే ఆ ఊరు ఆ సంఘం. అంతేగాని మనుషుల్లో తేడా ఏమీ లేదు, పెళ్ళిళ్ళు చూస్తే తెలుస్తుంది.

మేం హిందువులం. ఊరికే వచ్చి కూర్చోవచ్చా?

రండి. చెప్పులు బయట విప్పి, ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ కూర్చోండి. పేరు రాయమని ఎవరూ అడగరు. బల్ల (రొట్టె, ద్రాక్షారసం పంచుకునే సంస్కారం) ఆచరించే ఆదివారం మిగతావాళ్ళు లేచి ముందుకి వెళ్తే మీరు కూర్చున్నచోటే ఉండండి, ఎవరూ తప్పుగా అనుకోరు. కానుక సంచి ముందుకొస్తే వేయాలన్న మొహమాటం వద్దు.

పుస్తకం చూసి ప్రార్థన చేస్తారేంటి? మీ అయ్యగారికి సొంతంగా రాదా?

ఈ మాట అడిగేది ఎక్కువగా కొత్త కోడళ్ళు. పుట్టింట్లో గట్టిగా, ఎవరికి వచ్చిన మాటలు వాళ్ళు ప్రార్థన చేసుకునే అలవాటు. ఆంగ్లికన్ పద్ధతిలో ఆరాధన క్రమం అచ్చయి ఉంటుంది. పాపపు ఒప్పుకోలు, వాక్య పఠనాలు, విశ్వాస ప్రమాణం, మనవులు, అన్నీ వరసలో వస్తాయి. చదువు రాని మా మామ్మలకి ఆ క్రమం మొత్తం నోటికి వచ్చు. కరెంటు పోయినా ఆగరు. అయ్యగారు ప్రసంగంలోనూ, ఇళ్ళల్లోనూ సొంత మాటలతోనే ప్రార్థిస్తారు, ఆ బెంగ అక్కర్లేదు.

అయ్యగారు లేని ఆదివారం ఆరాధన ఉండదా?

ఉంటుంది. ఒక పాస్టరేట్‌లో ఐదారు ఊళ్ళు, అయ్యగారు ఒక్కరు. ఆయన ఏటి మధ్య లంక ఊరికి పంటు (రేవు దాటించే పెద్ద పడవ) మీద వెళ్ళిన ఆదివారం ఇక్కడ ఉపదేశి గారో (అయ్యగారికి సాయంగా ఉండే బోధకుడు), సంఘ పెద్దో ఆరాధన నడుపుతారు. సంస్కారపు బల్ల మాత్రం అభిషేకం పొందిన అయ్యగారు ఉంటేనే. మా గుడిలో అది నెలలో మొదటి ఆదివారం.

## చేరదామనుకున్నాక

పసిబిడ్డకి బాప్తిస్మం ఇస్తారా? మా అత్తగారి వాళ్ళు పెద్దయ్యాకే అంటారు

ఇస్తాం. తల్లిదండ్రుల్లో ఒక్కరైనా సంఘ సభ్యులై ఉండాలి. బిడ్డ తరఫున మాటిచ్చే జ్ఞాన తల్లిదండ్రులు కావాలి. పెద్దయ్యాక తనే తీసుకుంటుందని ఆగినా తప్పు లేదు. మీ అత్తగారితో వాదన పెట్టుకోకండి, అయ్యగారిని ఓ సాయంత్రం టీకి పిలవండి. ఒకసారి తీసుకున్న బాప్తిస్మం మళ్ళీ మాత్రం ఇవ్వరు.

బాప్తిస్మం తీసుకుంటే మా అబ్బాయి ఎస్సీ సర్టిఫికెట్ పోతుందా?

అందరూ గొంతు తగ్గించి అడిగే ప్రశ్న ఇది. తిప్పకుండా చెబుతాను. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకే. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు, క్రైస్తవుల్ని చేర్చలేదు. క్రైస్తవంలోకి మారిన ఎస్సీలు, వాళ్ళ పిల్లలు మన రాష్ట్రంలో బీసీ-సీ కిందికి వస్తారు. దానికి 1 శాతం రిజర్వేషన్. ఇది అన్యాయమని మన సంఘాలు ఏళ్ళ తరబడి అడుగుతూనే ఉన్నాయి. ఆ మాట నాదీ.

కానీ "రిజిస్టర్లో రాయకండి అయ్యగారూ" అంటే కుదరదు. ఇచ్చిన బాప్తిస్మం రిజిస్టర్లో ఉంటుంది. కాబట్టి తొందరపడకండి. ఇంట్లో కూర్చుని, చదువుకున్న పిల్లలతో కూడా మాట్లాడుకుని రండి. ఆలస్యం చేశారని ఎవరూ మిమ్మల్ని తక్కువ చూడరు. ఎవరైనా చూస్తే నాకు చెప్పండి.

కన్ఫర్మేషన్ క్లాసులు ఎన్నాళ్ళు? ఉద్యోగం వల్ల రాలేకపోతే?

కన్ఫర్మేషన్ అంటే బాప్తిస్మంలో ఇచ్చిన మాటని పెద్దయ్యాక తనే ఒప్పుకోవడం. మా దగ్గర శ్రమకాల దినాల (ఈస్టర్ ముందు నలభై రోజులు) ముందు నుంచి పది వారాలు, ఆదివారం మధ్యాహ్నం. పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణం, ప్రభువు ప్రార్థన, సంస్కారాలు. రెండు మూడు క్లాసులు తప్పితే అయ్యగారు విడిగా చెబుతారు. ఏడు క్లాసులు తప్పితే వచ్చే ఏడాది.

పెళ్ళి డేట్ ఫిక్స్ చేసేశాం, కార్డులు కూడా కొట్టించాం. చర్చి బుక్ చేస్తారా?

ఇలా వచ్చినప్పుడు నాకు బీపీ పెరుగుతుంది. ముందు చర్చి, తర్వాత కార్డులు. పెళ్ళి ప్రకటన మూడు ఆదివారాలు గుడిలో చదవాలి. పిల్లది వేరే సంఘమైతే అక్కడా చదివించి కాగితం తేవాలి. అబ్బాయికి 21, అమ్మాయికి 18 నిండినట్టు ఆధారం కావాలి, టెన్త్ మార్కుల జాబితా చాలు. 1872 క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం పెళ్ళి మామూలుగా ఉదయం 6 నుంచి సాయంత్రం 7 లోపు అయిపోవాలి. వీడియో వాళ్ళ డ్రోన్ ఆలస్యమైందని ఏడున్నరకి మొదలెడతామంటే అయ్యగారు ఒప్పుకోరు. శ్రమకాల దినాల్లో పెళ్ళిళ్ళు పెట్టం.

## ఏడాదిలో ఎప్పుడేం జరుగుతుంది

బల్ల మీద గుడ్డ రంగు ఎందుకు మారుస్తూ ఉంటారు?

సంఘ సంవత్సరం జనవరిలో కాదు, క్రిస్మస్‌కి ముందు నాలుగో ఆదివారం మొదలవుతుంది. ఆగమన కాలమంటే అదే. అప్పుడూ, శ్రమకాలంలోనూ ఊదా రంగు. క్రిస్మస్‌కి, ఈస్టర్‌కి తెలుపు. ఈస్టర్ అయ్యాక ఏడు వారాలకి వచ్చే పెంతెకొస్తుకి ఎరుపు. దాని మరుసటి ఆదివారం, అంటే త్రిత్వ ఆదివారం దాటాక ఐదారు నెలలు ఆకుపచ్చ. సరిగ్గా ఆ నెలల్లోనే బయట సార్వా (ఖరీఫ్ వరి) నాట్లు పడి చేలు పచ్చగా ఉంటాయి. ఎవరూ కావాలని కలపలేదు గానీ నాకెప్పుడూ బాగా అనిపిస్తుంది. గుడ్డలు ఉతికి, ఇస్త్రీ చేసి మార్చేది స్త్రీల మైత్రి, అంటే మా ఆడవాళ్ళ సంఘం వాళ్ళు. అంచుకి ఉన్న లేసు కూడా వాళ్ళ అల్లికే. నరసాపురం చుట్టుపక్కల ఆడవాళ్ళ చేతికి ఆ కుట్టు మిషనరీల కాలంలో వచ్చింది.

క్యారల్స్ మా ఇంటికి ఏ రోజు వస్తాయి? పోయినసారి మేం నిద్రపోయాం

డిసెంబర్ రెండో వారం నుంచి వీధుల వారీగా. లిస్టు గుడి తలుపుకి అంటిస్తాం, వాట్సాప్ గ్రూపులోనూ పెడతాం. రాత్రి పదకొండు దాటితే డోలక్ కొట్టం, పక్కవాళ్ళ పిల్లలకి పరీక్షలుంటాయి. టిఫిన్లు పెట్టాలనే పోటీ వద్దు. ఒక్క రాత్రి ఆరిళ్ళల్లో ఆరుసార్లు ఉప్మా తిన్న యూత్ మర్నాడు లేవలేదు. టీ చాలు.

శుభ శుక్రవారం మూడు గంటలు కూర్చోలేం. మధ్యలో వెళ్ళొచ్చా?

వెళ్ళొచ్చు. పన్నెండు నుంచి మూడు దాకా సిలువ మీద పలికిన ఏడు మాటల ధ్యానం జరుగుతుంది, ఒక్కో మాటకి ఒక్కొక్కరు. మాటకీ మాటకీ మధ్య కీర్తన పాడేటప్పుడు లేచి వెళ్ళండి, వాక్యం మధ్యలో కాదు. మందులు వేసుకునేవాళ్ళు ఉపవాసం పేరుతో మాత్రలు మానకండి. ఓసారి షుగరున్న పెద్దాయన నాలుగో మాట దగ్గర కళ్ళు తిరిగి పడిపోయారు. అప్పటి నుంచి వెనక బల్ల మీద మజ్జిగ, గ్లూకోజు ఉంచుతున్నాం.

కోత పండుగకి ఏం తేవాలి? మాకు పొలం లేదు

మీరేం పండిస్తే, ఏం సంపాదిస్తే అందులోంచి. పొలం ఉన్నవాళ్ళు వడ్లు తెస్తారు. మా ఊళ్ళో సగం చేలు రొయ్యల చెరువులయ్యాయి కాబట్టి ఐసు పెట్టెలో రొయ్యలూ వస్తున్నాయి. టైలర్ ఒకాయన పిల్లల గౌను కుట్టి తెస్తారు. కౌలు రైతు గుమ్మడికాయ తెస్తాడు. ఏమీ లేనివాళ్ళు ఇంట్లో రోజూ వండేటప్పుడు తీసిపెట్టిన పిడికెడు బియ్యం తెస్తారు. ఆ బియ్యం డబ్బా తూకంలో ఎప్పుడూ మిగతావాటి కన్నా బరువే.

సార్వా వడ్లు అమ్ముడై చేతిలో డబ్బు ఆడేది జనవరి చివర కాబట్టి మేం అప్పుడు పెట్టుకుంటాం. గుడి ముందు అరటి గెలలు కడతారు. బల్ల ముందు బొండాలు, పనసకాయలు, పూతరేకుల పెట్టెలు గుట్టగా పోస్తారు. ఆరాధన అయ్యాక బయట షామియానా కింద వేలం. పాటపాడేది మా రిటైర్డ్ లైన్‌మేన్. మొన్నటి ఏడాది ఒక కోడిపుంజు కాళ్ళ తాడు ఊడి, సరిగ్గా ఆశీర్వచనం సమయంలో పీఠం మెట్లెక్కి కూత పెట్టింది. అయ్యగారు ఆగి, "పేతురు గుర్తొచ్చాడు" అన్నారు. కోడి కూసేలోపు మూడుసార్లు యేసుని ఎరగనన్న శిష్యుడు పేతురు. ఆ పుంజు వేలంలో 4,200 పలికింది. పాడుకున్నాయన దాన్ని మళ్ళీ గుడికే ఇచ్చేశాడు, మళ్ళీ పాడాం.

ఒక్క మనవి. వేలంలో అక్కసుతో పాడకండి. "ఆయ్, వాడు పాడితే నేను పాడనా" అని పాడేసి, ఆర్నెల్లయినా డబ్బు కట్టని పద్దులు నా పుస్తకంలో ఉన్నాయి. అవి అడగడానికి వెళ్ళాలంటే నాకే సిగ్గు.

పిల్లల వీబీఎస్ ఎండాకాలంలోనే ఎందుకు?

వీబీఎస్ అంటే సెలవుల్లో పిల్లలకి పెట్టే బైబిలు బడి. బడి సెలవులు అప్పుడే. దాళ్వా (రెండో పంట వరి) కోతలు అయిపోయి, మరమ్మతులకి కాలువలు కట్టేస్తారు కాబట్టి పిల్లలు కాలువలో దూకుతారనే టెన్షన్ ఉండదు. పది రోజులు, ఉదయం ఏడు నుంచి పదిన్నర. ఏ మతం పిల్లలైనా రావొచ్చు. కాలువ కట్టిన రోజుల్లో తాగునీటికి కటకట కాబట్టి ప్రతి పిల్లాడూ ఒక సీసా నీళ్ళు తెచ్చుకోవాలి.

## గుడి గోడ బయట పని

మెడికల్ క్యాంపు ఎప్పుడు పెడతారు?

ఫిబ్రవరిలో. ఎందుకో చెబుతాను. మొదటి ఏడాది జూలై రెండో శనివారం పెట్టాం. 200 మందికి పులిహోర చేయించాం. 17 మంది వచ్చారు. ఊరంతా నాట్లలో ఉందన్న సంగతి కమిటీలో ఒక్కరికీ తట్టలేదు, ఎందుకంటే కమిటీలో అందరం ఉద్యోగాలు చేసి రిటైరైన వాళ్ళమే. రోజు కూలీ వదులుకుని బీపీ చూపించుకోవడానికి ఎవరొస్తారు? అప్పటి నుంచి కమిటీలో ఇద్దరు కూలి పనికి వెళ్ళే ఆడవాళ్ళుంటున్నారు. తేదీ వాళ్ళే చెబుతారు.

రెండో ఏడాది ఒక ఆస్పత్రి వాళ్ళు వచ్చి కళ్ళు చూసి, 41 మందికి అద్దాల కొలతలు రాసుకెళ్ళారు. అద్దాలు రాలేదు. నేను నాలుగుసార్లు వెళ్ళాను. చివరికి సంఘంలో చందా వేసుకుని చేయించాం. ఇప్పుడు ఏ ఆస్పత్రితోనైనా ముందు కాగితం మీద రాయించుకున్నాకే మైకులో చెబుతాం.

వరదొస్తే గుడిలో తలదాచుకోవచ్చా? సామాను, గేదెల సంగతేంటి?

రావొచ్చు. తాళం నా దగ్గర, అయ్యగారింట్లో, ఎదురు కిరాణా కొట్టులో మూడు చోట్ల ఉంది. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులు, అంటే 10 లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి హెచ్చరిక. 13.75 దగ్గర రెండోది. 17.75 దగ్గర మూడోది. మొదటి హెచ్చరికకే మేం గుడిలో బెంచీలు జరిపి చాపలు వేస్తాం. రెండోదానికి లంకలో ముసలివాళ్ళని, నెలలు నిండినవాళ్ళని పంటు మీద తెస్తాం. మూడోదాకా ఆగితే పంటు తిరగదు. 1986 ఆగస్టు వరద చూసినవాళ్ళు ఇంకా ఉన్నారు, వాళ్ళు చెబితే లెక్క చూడకుండా కదలండి.

2022 జూలైలో మూడో హెచ్చరిక దాటినప్పుడు మా గుడిలో తొమ్మిది రోజులు జనం ఉన్నారు. మేం మొదటి రోజే సాంబారన్నం పొట్లాలు కట్టించాం. ఊరవతల నుంచి ఇంకో మూడు సంస్థలు కూడా అవే తెచ్చాయి. మధ్యాహ్నానికి పాచిపోయాయి. వాళ్ళకి కావలసింది వేరు. గేదెలకి ఎండుగడ్డి, దోమల కాయిల్స్, పసివాళ్ళకి పాలపొడి, ఆడపిల్లలకి ప్యాడ్లు, అన్నిటికన్నా ముందు ఫోన్ ఛార్జింగు. జనరేటర్ పెట్టి ప్రసంగ వేదిక పక్కన ఎక్స్‌టెన్షన్ బాక్సులు వేలాడదీశాం. ప్రతి ఫోనుకీ వెనక తెల్ల టేపు మీద ఇంటిపేరు. దుబాయ్ నుంచి ఎవరి కొడుకు ఫోన్ చేసినా ఎత్తి "మీ అమ్మ బాగానే ఉందయ్యా" అని చెప్పడానికి ఇంటర్ చదివే ఒక అమ్మాయి అక్కడే కూర్చుంది. సామానుకి పై గది ఉంది. గేదెల్ని ఏటిగట్టు మీద కడతాం, రాత్రి కాపలా వంతులు వేస్తాం.

మా అమ్మాయి కువైట్ వెళ్తానంటోంది. అయ్యగారు ఏజెంట్‌తో మాట్లాడతారా?

మాట్లాడతారు, కానీ ఏజెంట్‌కి పూచీ ఉండరు. పాస్‌పోర్ట్ తీసుకుని రండి. పది పాస్ కాని వాళ్ళ పాస్‌పోర్ట్ మీద ఈసీఆర్ (పనికి విదేశం వెళ్ళే ముందు ప్రభుత్వ అనుమతి కావాలి) అని ఉంటుంది. అలాంటి ఆడవాళ్ళు 30 ఏళ్ళు నిండకుండా గల్ఫ్‌లో ఇంటిపనికి వెళ్ళడానికి ప్రభుత్వం అనుమతించదు. "విజిట్ వీసా మీద పంపేస్తాం, అక్కడికెళ్ళాక మారుస్తాం" అని ఏజెంట్ అన్నాడంటే అక్కడితో ఆపేయండి. అలా వెళ్ళి ఇరుక్కున్న ఇద్దరిని వెనక్కి తేవడానికి మా స్త్రీల మైత్రి పడ్డ పాట్లు నాకు తెలుసు. అన్నీ సక్రమంగా ఉండి వెళ్తే వీసా, యజమాని అడ్రసు, టికెట్ జిరాక్సులు గుడి బీరువాలో ఒక కవరు పెట్టి వెళ్ళమంటాం. బిడ్డల్ని అమ్మమ్మ దగ్గర వదిలి వెళ్ళినవాళ్ళ పిల్లలకి సాయంత్రం ట్యూషన్ ఫ్రీ.

సాయం తీసుకుంటే చర్చికి రావాలా?

అక్కర్లేదు. సాయం లిస్టులో మతం గడి లేదు.

## డబ్బు

కానుకలు ఎటు పోతాయి? అడిగితే అయ్యగారు నొచ్చుకుంటారేమో

నొచ్చుకోరు, అడగండి. ప్రతి ఆదివారం ఇద్దరు లెక్కపెట్టి సంతకాలు చేస్తారు, మొత్తం వచ్చే ఆదివారం చదువుతాం. అందులోంచి డయోసిస్‌కి వాటా వెళ్తుంది. అయ్యగారి జీతం అక్కడి నుంచే వస్తుంది, మన కానుక సంచిలోంచి కాదు. మిగిలినది కరెంటు, రిపేర్లు, ఉపదేశి గారి భృతి, పేదల నిధి. పేదల నిధి ఎవరికిచ్చామో పేర్లు చదవం. అది మాత్రం అడగొద్దు.

## కష్టకాలం

ఆస్పత్రిలో ఉంటే అయ్యగారికి ఎప్పుడు చెప్పాలి?

చేరిన రోజే. "ఆయనకి శ్రమ ఎందుకండి" అని ఆగి, ఐసీయూలోకి వెళ్ళాక రాత్రి రెండింటికి ఫోన్ చేస్తారు. రక్తం కావాలంటే యూత్ గ్రూపులో రక్తం గ్రూపు, ఆస్పత్రి పేరు, ఎన్ని యూనిట్లు అన్నదీ ఒకే మెసేజ్‌లో పెట్టండి.

సమాధుల తోటలో చోటు ముందే కొనుక్కోవచ్చా?

కుదరదు. ఉన్న స్థలమే ఇరుకు. మన నేలలో నాలుగడుగులు తవ్వితే నీరు ఊరుతుంది, వర్షాకాలమైతే మూడుకే. అందుకని తోటని మట్టి పోసి ఎత్తు చేశాం, తవ్వేటప్పుడు పక్కన నీళ్ళు తోడే మోటారు పెడతాం. కుటుంబ సమాధి ఉన్నవాళ్ళు పదేళ్ళు దాటితే అందులోనే పెట్టుకోవచ్చు. పాలరాయి గదులు కట్టొద్దు, రెండడుగుల సిలువ చాలు. నవంబర్ 2 సమాధుల పండుగకి సున్నాలు వేయడం ఎవరిది వాళ్ళదే. పిల్లలు ఊళ్ళో లేని సమాధులకి యూత్ వేస్తారు. కొవ్వొత్తులు ఎండుగడ్డికి దూరంగా వెలిగించండి.

## అయ్యగారి మార్పు

ఆడవాళ్ళు అయ్యగారు కావొచ్చా?

కావొచ్చు, మన సంఘంలో ఎప్పటి నుంచో ఉన్నారు. 2013లో నంద్యాల డయోసిస్‌కి ఇ. పుష్పలలిత గారు బిషప్ అయ్యారు, సీఎస్ఐలో మొదటి మహిళా బిషప్ ఆవిడే. పిలుపు "అయ్యగారు" కాదు కదా ఏమనాలి అని మావాళ్ళు తెగ ఆలోచించారు. "అమ్మగారు" అంటే పాస్టరు భార్య అనుకుంటారని ఒకరి బాధ. "రెవరెండ్ గారు" అనండి, అయిపోయె.

మంచి అయ్యగారిని ఎందుకు మారుస్తారు? సంతకాలు పెట్టి ఆపలేమా?

బదిలీ బిషప్ గారి చేతిలో ఉంటుంది. సంతకాల కాగితం ప్రతిసారీ తిరుగుతుంది, ఎప్పుడూ పని చేయలేదు. పైగా వచ్చే అయ్యగారికి ఆ సంగతి ముందే తెలిసిపోతుంది. వెళ్ళేవాళ్ళకి వ్యాన్ కిరాయి పాస్టరేట్ పెట్టుకుంటుంది. బహుమతి పేరుతో బీరువాలు, సోఫాలు కొనకండి, తర్వాతి ఊరి పాస్టరేజ్‌లో రెండే గదులు ఉండొచ్చు.

కొత్తవాళ్ళు వచ్చిన మొదటి ఆదివారం మధ్యాహ్నం భోజనానికి అందరూ పిలవకండి. పోయినసారి ఆ దంపతుల్ని పదకొండు ఇళ్ళకి పిలిచారు, మూడిళ్ళల్లో పులస పెట్టారు. సోమవారం వాళ్ళింటికి కాగితాల మీద సంతకాలకి వెళ్తే తలుపు తీయడానికి పావుగంట పట్టింది. ఇప్పుడు లిస్టు నా దగ్గరుంది, వారానికి ఒక ఇల్లు. పేరు రాయించుకోండి.